హైదరాబాద్ నుంచి వరాంగర్ తీరానికి: పక్షుల ఫొటోల యాత్రకు సిద్ధమవడం ఎలా?

నార్వే అనగానే మనవాళ్ళు లోఫోటెన్‌కో, ట్రోమ్సోకో టికెట్లు చూస్తారు. ఈ మార్గదర్శి అక్కడి గురించి కాదు. ఇంకా పైన, నార్వే ఉత్తర చివరి ప్రాంతమైన ఫిన్‌మార్క్‌లో తూర్పు కొసన, 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర బారెంట్స్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన వరాంగర్ ద్వీపకల్పం గురించి. ఏ నెలలో వెళ్ళాలి, ఏ లెన్స్ పట్టుకెళ్ళాలి, వీసా ఎప్పుడు మొదలుపెట్టాలి, చలికి ఏం కొనాలి అని చాలామంది అడుగుతున్నారు. అవన్నీ వరసగా చూద్దాం.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. ఇక్కడ మీ ప్లాన్‌ని నడిపించేది వాతావరణమే. గాలి లేస్తే పడవ కదలదు, మంచు కమ్మితే రోడ్డు మూసేస్తారు. అందుకే కింద ప్రతి అడుగులోనూ ఒకే సూత్రం కనిపిస్తుంది: ఊళ్ళు తగ్గించండి, రోజులు పెంచండి.

## 1. ముందు నెల తేల్చుకోండి, టికెట్ తర్వాత

టికెట్ చవగ్గా దొరికిందని ఆగస్టుకి బుక్ చేసుకుంటే అంతే సంగతులు. కొండల మీద గూళ్ళు పెట్టే సముద్ర పక్షుల్లో గిల్లెమాట్లు జులై చివరికల్లా, పఫిన్లు ఆగస్టులో సముద్రంలోకి వెళ్ళిపోతాయి. ఖాళీ కొండ, దాని మీద తెల్లటి రెట్ట మరకలు మాత్రం మిగులుతాయి.

మార్చి: నేలంతా మంచు. రేవుల్లో కింగ్ ఐడర్, స్టెల్లర్స్ ఐడర్, లాంగ్‌టెయిల్డ్ డక్ అనే సముద్రపు బాతులు ఉంటాయి. వార్డో పట్టణం పక్కనున్న పక్షుల దీవి హోర్నోయాకి గిల్లెమాట్లు రావడం మొదలవుతుంది. పగలూ రాత్రీ దాదాపు సమానం కాబట్టి రాత్రి ఆకాశం తేటగా ఉంటే అరోరా (ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కూడా దొరుకుతుంది. చలి, గాలి మాత్రం గట్టిగా ఉంటాయి.

ఏప్రిల్ రెండో సగం: మంచు ఇంకా ఉంటుంది, పఫిన్లు వచ్చేస్తాయి. మంచు మీద పఫిన్ ఫొటో కావాలంటే అదను ఇదే. అరోరా ఆశ మాత్రం వదులుకోవాలి, అప్పటికి రాత్రి పూర్తిగా చీకటి పడదు.

మే మధ్య నుంచి జులై మూడో వారం దాకా: సూర్యుడు అస్తమించడు. గూళ్ళు, పిల్లలు, టండ్రా పువ్వులు, తీరం వెంట ఉల్లంకి పిట్టల్లా నీటి అంచున మేత వెతికే వేడర్ పక్షులు కనిపిస్తాయి. వార్డో నుంచి హామ్నింగ్‌బెర్గ్ వెళ్ళే రోడ్డు చలికాలమంతా మూసే ఉంటుంది, మంచు తొలగించాకే తెరుస్తారు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా ఓటు ఏప్రిల్ చివరి పది రోజులకే. పిల్లల వేసవి సెలవుల్లోనే వెళ్ళాలంటే జూన్ మొదటి వారం మేలు. చలి తగ్గుతుంది, పడవ ప్రయాణం కూడా కొంచెం తేలికవుతుంది.

## 2. రెండు ఊళ్ళు చాలు

పన్నెండు రోజుల సెలవు దొరికిందనుకుందాం. రాకపోకలకి నాలుగు రోజులు పోతాయి. మిగిలిన ఎనిమిదిలో ఐదు ఊళ్ళు కుక్కితే రోజూ బ్యాగులు సర్దడం, కారు నడపడంతోనే సరిపోతుంది.

ఏప్రిల్, జూన్ నెలల్లో అయితే వార్డోలో ఐదు రాత్రులు, వాడ్సోలో మూడు. వార్డో నార్వేలో అన్నిటికంటే తూర్పున ఉన్న పట్టణం. అది దీవి మీద ఉంటుంది కాబట్టి సముద్రం అడుగున వేసిన సొరంగంలోంచి కారులో వెళ్ళాలి. హోర్నోయాకి పడవ ఈ రేవు నుంచే. వాడ్సోలో దిగితే ఎక్కెరోయ్‌లోని కిట్టివేక్‌ల (ఒక రకం సముద్ర పక్షుల) కొండ, తీరాన తెల్లటి చిన్న చర్చి ఉన్న నెస్సెబి, రెండూ కారులో దగ్గరే.

మార్చిలో అయితే వాడ్సో బదులు బోట్స్‌ఫ్యూర్ పెట్టుకోండి. బాతుల కోసం రేవులో తేలే హైడ్ (పక్షులకి కనబడకుండా కూర్చుని ఫొటో తీసే గూడు) అక్కడ ఉంది.

హోర్నోయాకి ఒక్క రోజే కేటాయించడం అందరూ చేసే తప్పు. ఆ రోజు అలలు పెద్దవైతే ఇంత దూరం వచ్చిందీ వృథా. కనీసం మూడు రోజులు ఆ దీవి పేరు మీద రాసి పెట్టండి. మొదటి రోజే పని అయిపోతే మిగతా రెండు రోజులూ మళ్ళీ అక్కడికే వెళ్ళండి, ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు.

## 3. వీసా కాగితాలు

నార్వేకి షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. ఆ గడువుని నమ్ముకోవద్దు. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు పట్టినా, నలభై ఐదు దాకా పొడిగించే వీలు వాళ్ళకుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో అపాయింట్‌మెంట్ స్లాట్లకి పోటీ ఎక్కువ. మూడు నెలల ముందే ఫైల్ పెట్టేస్తే టెన్షన్ ఉండదు.

- పాస్‌పోర్ట్: షెంగెన్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, పదేళ్ళలోపు జారీ అయినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి
- ప్రయాణ బీమా: వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల కవరేజీ
- బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీఆర్, ఆఫీసు నుంచి లీవ్ లెటర్
- బస బుకింగులు, రోజువారీ ప్లాన్
- ఫీజు: పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం

బస బుకింగులు ఉచితంగా రద్దు చేసుకునేవే తీసుకోండి. తిరిగి రాని టికెట్ వీసా చేతికి రాకముందు కొనొద్దు. దారిలో ఫిన్లాండ్‌లోనో జర్మనీలోనో ఆగినా, ఎక్కువ రోజులు ఉండేది నార్వేలో కాబట్టి దరఖాస్తు నార్వేకే.

కెమెరాల బీమా వేరు. ప్రయాణ బీమాలో సామానుకి ఇచ్చే మొత్తం పెద్ద లెన్స్‌కి ఏ మూలకీ చాలదు. పాలసీ కాగితంలో కెమెరా పరికరాల పరిమితి ఎంతో చదివి, చాలకపోతే విడిగా తీసుకోండి.

## 4. విమానం, చేతి బ్యాగు

శంషాబాద్ నుంచి దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ ఏదో ఒక దారిలో ఓస్లో. అక్కణ్ణుంచి సుమారు రెండు గంటల్లో కిర్కెనెస్. కిర్కెనెస్‌లో కారు తీసుకుంటే వాడ్సో దాదాపు 170 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి వార్డో ఇంకో 75. వాడ్సో, వార్డోలకి చిన్న విమానాలు కూడా ఉన్నాయి, కానీ వాటిలో బ్యాగుల నియమాలు కఠినం. కెమెరాలతో వెళ్ళేవాళ్ళకి కిర్కెనెసే నయం.

ఓస్లోలో మారడానికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. కానీ నార్వే ఈయూ కస్టమ్స్ పరిధిలో లేదు కాబట్టి కస్టమ్స్ ఓస్లోలో. సాధారణంగా బెల్ట్ మీద బ్యాగు తీసుకుని, కస్టమ్స్ దాటి, లోకల్ విమానానికి మళ్ళీ వేయాలి. ‘ఫైనల్ దాకా ట్యాగ్ వేశారు కదా’ అని నేరుగా గేటుకి వెళ్ళిపోతే బ్యాగు ఓస్లోలోనే ఉండిపోవచ్చు. హైదరాబాద్ చెకిన్ కౌంటర్‌లోనే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

లోకల్ విమానాల్లో చేతి బ్యాగు బరువు పరిమితి కొన్నిట్లో 8 కిలోలే. పెద్ద జేబుల జాకెట్ వేసుకుని, ఒక బాడీ ఒక లెన్స్ అందులో పెట్టుకోవడం ఫొటోగ్రాఫర్లందరూ చేసే పనే. ట్రైపాడ్, బట్టలు చెకిన్‌లో వేయండి. లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి, ఒక్కోటి 100 వాట్ అవర్ల లోపు ఉంటే ఇబ్బంది లేదు.

ఖరీదైన కెమెరాలు, లెన్సులు ఉంటే బయల్దేరే రోజు శంషాబాద్‌లో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇవి విదేశంలో కొన్నవి కావని చూపడానికి. సీరియల్ నంబర్ల జాబితా, బిల్లుల కాపీలు ఇంట్లోనే ప్రింట్ తీసి పెట్టుకోండి. సామాను చెకిన్‌లో వేయకముందే వెళ్ళాలి, పరికరాలు కళ్ళతో చూస్తేగానీ సంతకం పెట్టరు. ఇందుకోసం ఒక గంట ముందుగా చేరుకోండి.

## 5. ఏ లెన్సులు?

‘600 ఎంఎం లెన్స్ లేకపోతే దండగేనా?’ ఇదే ఎక్కువమంది అడిగేది. హోర్నోయాలో కాదు. అక్కడ పక్షులు దారి పక్కనే కూర్చుంటాయి, 70-200 ఎంఎం జూమ్‌తోనే ఫ్రేము నిండిపోతుంది. రేవులో బాతులకి మాత్రం 500 ఎంఎం పైన కావాలి. అన్నీ కలిపి ఒక్కటే అంటే 100-400 లేదా 100-500. దానితోపాటు కొండ, సముద్రం, అరోరా కోసం ఒక వైడ్ లెన్స్.

పెద్ద లెన్స్ అద్దెకి తీసుకునేటట్టయితే వారం ముందే తెచ్చుకుని, మీ కెమెరా మీద ఫోకస్ సరిగ్గా పడుతోందో లేదో చూసుకోండి. ముందు రోజు సాయంత్రం తెచ్చుకుంటే లోపం బయటపడేది వార్డోలోనే.

- రెండు కెమెరా బాడీలు, రెండోది పాతదైనా సరే
- బ్యాటరీలు నాలుగు: చలికి సగం సేపే వస్తాయి
- వాన కవర్, మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను
- జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ కవర్లు
- ఖాళీ బీన్ బ్యాగ్ (లెన్స్ ఆనించుకునే సంచి): అక్కడ కవరులో బియ్యం పోసి నింపి కారు కిటికీ మీద పెట్టుకోవచ్చు, ఆఖరి రోజు ఆ బియ్యమే వండుకోవచ్చు
- రెండు గుండ్రటి పిన్నుల యూరప్ అడాప్టర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు
- ల్యాప్‌టాప్, రెండు విడి హార్డ్ డిస్కులు

డ్రోన్ ఇంట్లో వదిలేయండి. పక్షులు గూళ్ళు పెట్టే కొండ దగ్గర డ్రోన్ ఎగరేస్తే పక్షులన్నీ ఒక్కసారి లేస్తాయి, గుడ్లు దొర్లి కింద పడతాయి. పైగా రష్యా సరిహద్దు పక్కనే, వార్డోలో సైనిక రాడార్లూ ఉన్నాయి. లేనిపోని తలనొప్పి.

## 6. బట్టలు: గాలిని ఆపేవి ముఖ్యం

వార్డోలో జులైలో కూడా సగటు ఉష్ణోగ్రత పది డిగ్రీల దరిదాపుల్లోనే. మార్చిలో సున్నాకి కింద. అంకె చూసి ‘మనాలీలో ఇంతకంటే చలి చూశాం’ అనుకోవద్దు. మనాలీలో సముద్రపు గాలి లేదు.

ఒంటికి ఆనుకుని ఉన్ని థర్మల్స్, దాని మీద ఫ్లీస్, దాని మీద గాలి, వాన రెండూ చొరబడని జాకెట్. ప్యాంటుకీ అదే లెక్క. కాటన్ బనీను వద్దు, చెమటకి తడిసి ఒంటినే చల్లబరుస్తుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, రెండు జతల ఉన్ని సాక్సులు పట్టాలి. బూటు బిగిస్తే వేళ్ళు కొయ్యబారతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఐసు మీద జారకుండా బూట్లకి తగిలించుకునే స్పైకులు తప్పనిసరి.

చేతులకి రెండు పొరలు: లోపల షట్టర్ నొక్కడానికి వీలుగా పల్చటి గ్లౌజులు, పైన దళసరి మిట్టెన్లు.

## 7. బయల్దేరేలోపు ఇక్కడే సాధన

ఎగిరే పక్షిని పట్టుకోవడం అక్కడికెళ్ళి నేర్చుకుంటే ఆలస్యమే. పఫిన్ చిన్నది, గంటకి 80 కిలోమీటర్ల దాకా వేగంతో దూసుకొస్తుంది. అమీన్‌పూర్ చెరువు దగ్గరో, హిమాయత్ సాగర్ ఒడ్డునో నాలుగు ఆదివారాలు పొద్దున్నే వెళ్ళండి. నీటికాకులు, కొంగలు, టర్న్ పక్షులు ఎగురుతుంటే తీయండి. ముందు పెద్ద పక్షితో మొదలుపెట్టి, చేయి తిరిగాక టర్న్‌ల మీదకి వెళ్ళండి.

మే నెల ఎండలో చూసేవాళ్ళు నవ్వినా సరే, గ్లౌజులు వేసుకునే తీయండి. ఫోకస్ పాయింట్ మార్చడం, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచడం, కార్డు మార్చడం, మూడూ గ్లౌజులతోనే, బటన్లు చూడకుండా చేయగలగాలి.

## 8. కారు, రోడ్డు

ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అసలు లైసెన్స్ కూడా వెంట ఉండాలి. నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలని అద్దె కంపెనీలు అడుగుతాయి. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, పిన్ గుర్తుంచుకోండి. మనుషులు లేని పెట్రోల్ బంకుల్లో పిన్ లేకుండా పని జరగదు.

- రోడ్డుకి కుడివైపు నడపాలి, పగలైనా హెడ్‌లైట్లు వెలగాలి
- ఊరి బయట వేగ పరిమితి సాధారణంగా 80, ఊళ్ళలో 50
- మద్యం పరిమితి 0.02 శాతమే, అంటే నడిపే రోజు ముట్టుకోవద్దు
- ట్యాంకు సగానికి రాగానే నింపండి
- రోడ్డు సమాచారానికి నార్వే రోడ్ల శాఖ సైటు, వాతావరణానికి ‘యర్’ యాప్, రెండూ పొద్దున్నే చూడండి

చలికాలంలో బోట్స్‌ఫ్యూర్ వెళ్ళే కొండ రోడ్డు మీద గాలి ఎక్కువైతే కాన్వాయ్ పెడతారు. గేటు దగ్గర ఆగి, మంచు తోసే బండి వెనకాల వరసగా వెళ్ళాలి. ఎంతసేపు ఆగాల్సి వస్తుందో చెప్పలేం కాబట్టి కారులో దుప్పటి, నీళ్ళు, తినడానికి ఏదైనా ఉండాలి.

రోడ్డు మీద రెయిన్‌డీర్లు అడ్డొస్తాయి. అవి అడవి జంతువులు కావు, ఇక్కడి ఆదివాసులైన సామి పశుకాపరులవి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉన్నట్టే. ఫొటో కోసం హారన్ కొట్టి తరమొద్దు. ఢీకొంటే 02800కి ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి. ప్రాణాపాయమైతే అంబులెన్స్ 113, పోలీసులు 112.

## 9. హోర్నోయాలో ఒక పూట

పడవలో పది నిమిషాలే. ముందు రోజే సీటు అడిగి, తిరుగు పడవ ఎన్నింటికో రాసుకోండి. దీవి మీద దుకాణాలు ఉండవు. నీళ్ళు, తిండి వెంట తీసుకెళ్ళాలి.

దిగగానే కెమెరా తీయకండి. పది నిమిషాలు నిలబడి గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి. పక్షి గాలికి ఎదురుగా వచ్చి వాలుతుంది, అప్పుడే దాని వేగం తగ్గుతుంది. గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే పక్షి మీకు ఎదురుగా వస్తుంది. ముక్కున చేపలు పట్టుకొచ్చే ఫొటో, కాళ్ళు చాపి దిగే ఫొటో, రెండూ దొరికేది అక్కడే.

ఎగిరేవాటికి షట్టర్ వేగం 1/2500 సెకను, లెన్స్ రంధ్రం (ఎపర్చర్) ఎఫ్ 5.6 నుంచి 7.1, ఆటో ఐఎస్ఓ. గిల్లెమాట్, రేజర్‌బిల్, పఫిన్, మూడింటికీ నల్లటి వీపు, తెల్లటి పొట్ట. కెమెరా నలుపుని చూసి వెలుతురు పెంచితే పొట్ట మీద ఈకల గీతలు పోయి తెల్ల కాగితంలా మిగులుతుంది. నాలుగైదు ఫొటోలకోసారి హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) చూసి, తెలుపులో వివరం పోతుంటే ఎక్స్‌పోజర్ మూడో వంతు స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). నేపథ్యమంతా మంచే అయితే లెక్క తిరగబడుతుంది, ఒక స్టాప్ దాకా పెంచాలి.

పది వేల ఫొటోలూ పఫిన్ ముఖానివే తెచ్చుకునేవాళ్ళున్నారు. ఓ అరగంట షట్టర్‌ని 1/30కి దించి, ఎగిరే గుంపు వెంట కెమెరా తిప్పండి. వైడ్ లెన్స్‌తో కొండనంతటినీ తీయండి, ఆ రద్దీ తెలియాలంటే అదే దారి.

గుర్తు పెట్టిన దారి దిగొద్దు. పక్కనున్న మెత్తటి గడ్డి కింద పఫిన్ల బొరియలుంటాయి, కాలు వేస్తే కూలిపోతాయి. చచ్చిన పక్షిని ముట్టుకోవద్దు. 2023లో ఈ తీరంలోనే బర్డ్ ఫ్లూతో కిట్టివేక్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. వెళ్ళేముందు దీవి తెరిచే ఉందో లేదో రేవులో కనుక్కోండి, బూట్లు కడిగి వేసుకోండి. టోపీ కూడా పెట్టుకోండి, కారణం అక్కడ నిలబడిన ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

## 10. రాత్రులు

జూన్‌లో వార్డోలో సూర్యుడు అన్నిటికంటే కిందికి దిగేది రాత్రి పన్నెండు ప్రాంతంలో. మంచి వెలుతురు ఎనిమిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా. కాబట్టి పగలు పడుకుని రాత్రి పని చేయండి. గదిలోకి వెలుతురు రాకుండా కళ్ళకి గుడ్డ తీసుకెళ్ళండి.

మార్చిలో అరోరాకి కేపీ అంకె (అరోరా ఎంత బలంగా రావచ్చో చెప్పే సూచీ) గురించి కంగారు పడొద్దు, ఈ అక్షాంశంలో చిన్న అంకెకే కనబడుతుంది. మబ్బు లేకపోవడమే ముఖ్యం. ట్రైపాడ్, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, ఐదు సెకన్లతో మొదలుపెట్టి సర్దుకోండి.

## 11. తిండి

కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు పులిహోర పేస్టు, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి లాంటివి వద్దు. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తీసుకురానివ్వరు. వంటగది ఉన్న బస చూసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఆదివారాలు, ఈస్టర్ సెలవులు, మే 17 జాతీయ దినం రోజుల్లో సూపర్ మార్కెట్లు చాలావరకు మూసే ఉంటాయి. శనివారమే సరుకులు కొనేయండి.

## 12. తరచుగా వచ్చే ఇబ్బందులు, మందులు

లెన్స్ లోపల ఆవిరి: చలిలోంచి వెచ్చటి గదిలోకి నేరుగా తెస్తే వస్తుంది. బయటే జిప్ కవర్లో పెట్టి మూసి, గదిలో రెండు గంటలు అలాగే వదిలేయండి. కార్డు ముందే తీసి పెట్టుకుంటే ఆ లోపు ఫొటోలు కాపీ చేసుకోవచ్చు.

బ్యాటరీ ఉన్నట్టుండి సున్నా: పారేయకండి. చొక్కా లోపలి జేబులో అరగంట పెడితే మళ్ళీ కాస్త పని చేస్తుంది.

దూరపు ఫొటోలన్నీ మసకగా: కారు హీటర్ వేసి కిటికీలోంచి తీస్తే వేడి గాలి అలలు ఫొటోని పాడు చేస్తాయి. ఇంజన్, హీటర్ ఆపి, కాసేపు కిటికీ తెరిచి ఉంచి అప్పుడు తీయండి.

పడవ రద్దు: గదిలో కూర్చోకండి. ఎక్కెరోయ్‌కో, రేవులోని గట్టు మీదకో వెళ్ళండి. గాలి ఎక్కువైన రోజు బాతులు కూడా రేవు చాటుకే చేరతాయి.

## 13. ప్రతి రాత్రీ, తిరిగొచ్చాక

రాత్రి పడుకునేముందు ఫొటోలు రెండు డిస్కుల్లోకి వెళ్ళాలి. ఒకటి మీ బ్యాగులో, రెండోది తోటివాళ్ళ బ్యాగులో. హైదరాబాద్ చేరేదాకా కార్డులు ఫార్మాట్ చేయొద్దు. ఉప్పు తుంపర్లు పడిన కెమెరాని మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డ పెట్టండి.

శంషాబాద్‌లో దిగేటప్పుడు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చేతి బ్యాగులో పైనే ఉంచండి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్ళు విప్పి, ఇసుక, ఉప్పు పోయేలా కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. జూన్, జులైలో తిరిగొస్తే ఇక్కడ వానాకాలం, ఫంగస్ పట్టే కాలం. లెన్సులు బ్యాగులోనే వదిలేయకుండా అదే రోజు సిలికా జెల్ వేసిన డబ్బాలోకి మార్చండి, అద్దె లెన్స్ ఉంటే మర్నాడే తిరిగిచ్చేయండి.